శుభం కార్డు పడని రాత్రి

పిల్లలు రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని నిద్ర పాడుచేసుకుంటున్నారన్న మాట గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్లు నేరం రెండు చోట్ల మోపుతారు. కొందరు పిల్లవాడి మీద మోపుతారు, వాడికి అదుపు లేదని. ఇంకొందరు తెర వెలుగు మీద మోపుతారు, ఆ నీలి వెలుతురు కళ్లలో పడితే నిద్ర రాదని. రెండింట్లోనూ కొంత నిజం లేకపోలేదు. అసలు దోషి మాత్రం ఆ రెంటి మధ్యనుంచి తప్పించుకుపోతోంది. మన రాత్రి వినోదాలన్నింటికీ ఒకప్పుడు ముగింపు ఉండేది. సెకండ్ షో సినిమాకు శుభం కార్డు పడేది. రేడియోలో రాత్రి ప్రసారం అయిపోయేది. వీధి నాటకానికి మంగళం పాడేవారు. సీరియల్ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగి రేపటికి వాయిదా పడేది. రీల్స్, షార్ట్స్ వంటి వాటిలో ఆ ముగింపును బుద్ధిపూర్వకంగా తీసేశారు. తీసేసిన చోట, మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టడమే పనిగా ఉన్న ఒక లెక్కల యంత్రాన్ని పెట్టారు. పద్నాలుగేళ్ల, పదహారేళ్ల పిల్లల్ని రాత్రి పదకొండు దాటాక దానితో పోటీపడి గెలవమనడం న్యాయం కాదు. గెలవలేకపోతే అది వాళ్ల తప్పు అనడం అంతకంటే అన్యాయం.

ఆ యంత్రం పనితీరు తెలిస్తే ఈ మాట ఎందుకు అనాల్సి వస్తోందో అర్థమవుతుంది. 2006 ప్రాంతంలో అమెరికాలో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ చూడటానికి చిన్నదే అనిపించే మార్పు ఒకటి తెచ్చాడు. అంతవరకు పేజీ అడుగుకు చేరాక తర్వాతి పేజీ కోసం నొక్కాల్సి వచ్చేది. ఆ అవసరం లేకుండా, వేలితో జరిపేకొద్దీ కొత్త సరుకు వచ్చి పడేలా చేశాడు. ఆ పనికి తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. నొక్కాల్సిన చోట మనిషి ఒక్క క్షణం ఆగుతాడు; ఇక చాల్లే అనుకోవడానికి వీలు దొరుకుతుంది. ఆ క్షణం పోయింది. 2012లో యూట్యూబ్ తన కొలబద్దనే మార్చుకుంది. ఎంతమంది నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నది ముఖ్యమైంది. ఆ సంస్థ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. లక్షలాది వీడియోల్లోంచి ముందు కొన్ని వందలు ఏరుతారు. వాటిలో దేన్ని చూపిస్తే ఈ మనిషి ఎంతసేపు చూస్తాడో అంచనా కట్టి వరుస పెడతారు. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా ఇలాంటి సిఫార్సుల వల్ల వచ్చేదేనని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018లో చెప్పారు. గుంటూరు మిర్చి యార్డులో అనుభవమున్న కమీషన్ ఏజెంటు కొనుగోలుదారు నోటి మాట పెద్దగా పట్టించుకోడు. అతను ఏ టిక్కీ దగ్గర ఆగాడు, ఏ కాయ తీసి తొడిమ పట్టుకు చూశాడు, దేన్ని దాటిపోయాడు అన్నవి కనిపెట్టి రేపు ఏ సరుకు చూపించాలో నిర్ణయించుకుంటాడు. ఫోన్‌లోని యంత్రం చేసేదీ అదే. కాకపోతే యార్డును సాయంత్రానికి మూసేస్తారు.

ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది. ఇష్టపడి చూడటానికీ ఆపలేక చూడటానికీ అందులో తేడా లేదు. పదో తరగతి అమ్మాయి రాత్రి పన్నెండున్నరకు ఒక వీడియోను చివరిదాకా చూసిందంటే, అది నచ్చిందా, లేక మంచం దిగి ఫోన్ అవతల పెట్టే ఓపిక లేకపోయిందా అన్నది యంత్రానికి తెలియదు. తెలుసుకోమని దానికి ఎవరూ చెప్పలేదు. గడిచిన నిమిషాలే దానికి అందే సమాచారం. అలసిన మనసుకు నిలకడ తగ్గుతుంది, కాబట్టి పగటికంటే రాత్రి నిమిషాలు సులువుగా దొరుకుతాయి. ఎవరూ దుర్మార్గపు ఆలోచన చేయనక్కర్లేదు. చూసే సమయాన్ని పెంచమని ఆజ్ఞాపిస్తే చాలు, ఆ యంత్రం తనంతట తాను నిద్రలోకి చెయ్యి పెడుతుంది. నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ 2017 ఏప్రిల్‌లో, తమ సంస్థ పోటీపడుతున్నది నిద్రతో అని మదుపరులకు చెప్పారు. అది సినిమాలు చూపించే సంస్థ. ఎంత పెద్ద సిరీస్‌కైనా ఆఖరి భాగం ఉంటుంది. రీల్స్‌కు అదీ లేదు.

మన ప్రాంతానికి ఇది వచ్చిన వేగం గుర్తు చేసుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పెదనందిపాడు, పర్చూరు, మార్టూరు వైపు పత్తి చేలల్లో కూడా చవగ్గా డేటా దొరికింది. 2020లో కరోనాతో బడులు మూతపడి పాఠాలు ఫోన్‌లోకి వెళ్లాయి. అదే ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను ముందుగా ఇక్కడే పరీక్షకు పెట్టింది. యాప్ పోయినా పద్ధతి పోలేదన్నమాట. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. టీచర్లతో కలిపి రాష్ట్రమంతటా అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. చదువు కోసం తెరలు అవసరమే, దాన్ని కాదనలేం. అయితే దేశవ్యాప్తంగా గ్రామాల్లో జరిపిన అసర్ 2024 సర్వే ఏం చెప్పిందో చూడండి. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. చదువు కోసం తెరిచిన తలుపులోంచే మిగతాదంతా వచ్చింది.

ఇక ఆ వయసు శరీరం సంగతి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతుంది. యుక్తవయసు మొదలవగానే శరీరంలోని గడియారం వెనక్కి జరుగుతుందని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్‌కడన్ దశాబ్దాల పాటు పరిశోధించి చూపించారు. నిద్రకు సన్నద్ధం చేసే మెలటోనిన్ ఈ పిల్లల్లో పెద్దవాళ్లకంటే ఆలస్యంగా ఊరుతుంది. అంటే తొమ్మిదిన్నరకు పడుకోమంటే నిద్ర పట్టని పిల్లవాడు మొండితనం చేస్తున్నట్టు కాదు. పదిన్నర, పదకొండు వరకు అతనికి సహజంగానే మెలకువగా ఉంటుంది. ఆ సమయంలో మనసు ఏదో ఒకటి వెతుక్కుంటుంది. పూర్వం పుస్తకమో, నానమ్మ కబుర్లో, ఆరుబయట మంచం మీద చుక్కలో దొరికేవి. అవేవీ మనిషిని ఆ గంట దాటాక పట్టుకుని ఉంచేవి కావు. ఇప్పుడు దొరికేది పట్టుకునే ఉంచుతుంది. నిద్ర వచ్చే వేళ వచ్చి, దాటి, వెళ్లిపోతుంది. తెల్లారి బడి మాత్రం తొమ్మిదికే.

తెర వెలుగు సంగతి కూడా తేల్చుకుందాం, ఎందుకంటే పసుపు రంగు నైట్ మోడ్ పెట్టేశాం కదా, ఇక భయం లేదని అనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. 2014లో బోస్టన్ పరిశోధకులు పన్నెండు మందిని కొన్ని రాత్రులు ఐప్యాడ్ మీద, కొన్ని రాత్రులు అచ్చు పుస్తకం చదివించి పోల్చారు. తెర మీద చదివిన రాత్రుల్లో మెలటోనిన్ తగ్గింది, నిద్ర పట్టడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం పది నిమిషాలే. పది నిమిషాలతో ఎవరి చదువూ పాడవదు. అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ పిలిచిన నిపుణులు 2024లో అందుబాటులో ఉన్న పరిశోధనలన్నీ తిరగేశారు. పడుకునే ముందు తెర మీద చూసే విషయం పిల్లల నిద్రను చెడగొడుతుందని ఏకాభిప్రాయానికి వచ్చారు. వెలుగు దగ్గర మాత్రం వాళ్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. కాబట్టి తెరకు పసుపు రంగు వేసి ఊరుకోవడం ఇంట్లో దొంగ ఉండగా దీపం ఒత్తి తగ్గించడమే.

పరిశోధనలు ఇంకా ఏం చెబుతున్నాయి? బ్రిటన్‌లో 13 నుంచి 15 ఏళ్ల పిల్లలు దాదాపు 12 వేల మంది వివరాలను 2019లో విశ్లేషించారు. రోజుకు అయిదు గంటలు మించి సోషల్ మీడియాలో ఉండేవాళ్లు, మామూలుగా వాడేవాళ్లకంటే, బడి రోజుల్లో కూడా రాత్రి పదకొండు దాటాకే నిద్రపోయే అవకాశం బాగా ఎక్కువని తేలింది. అయితే నిద్ర పట్టకపోవడం వల్ల ఫోన్ తీస్తున్నారా, ఫోన్ తీయడం వల్ల నిద్ర పట్టడం లేదా అన్నది అలాంటి లెక్కలతో తేలదు. అందుకే న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవారు చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 79 మందికి ఛాతీ మీద చిన్న కెమెరా పెట్టారు. పడకగదిలో చీకట్లో చూడగలిగే కెమెరా ఉంచారు. పిల్లలు చెప్పిన మాట మీద ఆధారపడకుండా నిజంగా ఏం చేశారో చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం పడుకోవడానికి ముందు రెండు గంటల్లో తెర చూడటం నిద్ర మీద పెద్ద ప్రభావం చూపలేదు. మంచం ఎక్కాక చూసిందే నిద్రను కోసేసింది. నాకు ఇందులో ఊరట కనిపిస్తుంది. సాయంత్రం ఫోన్ గురించి ఇంట్లో పెట్టుకునే పోట్లాటలు చాలావరకు అనవసరం. పోట్లాడాల్సింది మంచం దగ్గర.

ఇదంతా గోరంతను కొండంత చేయడమేనని కొందరు పరిశోధకులు అంటారు, వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ షిబిల్‌స్కీ అమెరికాలో యాభై వేల మంది పిల్లల వివరాలు పరిశీలించారు. తెర ముందు గడిపే ఒక్కో గంటకు తగ్గే నిద్ర 3 నుంచి 8 నిమిషాలేనని 2019లో తేల్చారు. అంత చిన్న సంఖ్యకు ఇంత గోలా అని అడగవచ్చు. ఆ సంఖ్య తప్పని నేను అనను. అది దేన్ని కొలిచిందన్నదే నా ప్రశ్న. అందులో టీవీ ఉంది, పగటి పూట చూసింది ఉంది, పెద్దగా చూడని పిల్లలున్నారు. పగలు నాలుగింటికి చూసిన క్రికెట్‌నూ అర్ధరాత్రి మంచంలో చూసిన రీల్స్‌నూ కలిపి సగటు తీస్తే చిన్న సంఖ్యే వస్తుంది. నష్టం అందరి మీదా సమానంగా పడేది కాదు. కొందరు పిల్లల మీద, కొన్ని గంటల్లో కుప్పపడేది. పైగా మార్పు సాధ్యమేనని చూపిన ప్రయోగమూ ఉంది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంవారు 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని వారం పాటు పడుకునే ముందు గంటసేపు ఫోన్ మానేయమన్నారు. మానేసినవాళ్లకు రోజుకు సుమారు ఇరవై నిమిషాలు నిద్ర కలిసొచ్చింది. వారానికి చూస్తే రెండు గంటలకు పైమాటే. అయితే ఆ ప్రయోగంలో చేరమంటే చాలామంది పిల్లలు ఒప్పుకోనే లేదు. ఆ నిరాకరణ కూడా ఒక సాక్ష్యమే.

మనవాళ్లు చేసే అభ్యంతరం వేరే రకంగా ఉంటుంది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల వెంట తెల్లవార్లూ మేలుకున్నవాళ్లం కాదా, శివరాత్రి జాగారానికి మూడు సినిమాలు వరసగా చూడలేదా, ఏమైపోయాం అంటారు. నిజమే, ఏమీ కాలేదు. ఆ జాగారం ఏడాదికి ఒకసారి. చుట్టూ ఊరంతా ఉండేది. మర్నాడు పగలు పడుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. తెల్లారితే ప్రభలు దిగిపోయేవి. ఈ జాగారం రోజూ జరుగుతోంది. ఒంటరిగా, దుప్పటి కింద, పక్కన పడుకున్న తమ్ముడికి కూడా తెలియకుండా జరుగుతోంది. మర్నాడు మళ్లీ బడి ఉంటుంది.

అంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. దాన్ని దాటవేస్తే ఈ వాదన నిలవదు. గుంటూరు అంటే మిర్చితో పాటు ఇంటర్ కోచింగ్‌కూ పేరు. రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున లేపి రాత్రి పది దాటేవరకు స్టడీ అవర్లలో కూర్చోబెడతారు. అక్కడ ఫోన్‌లే ఉండవు. ఆ పిల్లల నిద్ర మింగింది అల్గారిథమా, టైంటేబులా? టైంటేబులే. అక్కడ సోషల్ మీడియాను తిట్టి కాలేజీని వదిలేయడం కపటం. రాత్రిళ్లు మేలుకుని చదివితే మార్కులు వస్తాయన్న నమ్మకానికి ఆధారం కూడా తక్కువ. అమెరికాలోని ఎంఐటీలో ఒక తరగతి విద్యార్థుల చేతులకు ఫిట్‌బిట్ కట్టి సెమిస్టర్ పొడుగునా నిద్ర కొలిచారు. విద్యార్థుల మార్కుల మధ్య ఉన్న తేడాలో దాదాపు పాతిక శాతం నిద్ర తీరుతో ముడిపడి ఉందని 2019లో ప్రకటించారు. పరీక్ష ముందు రాత్రి ఒక్కటీ బాగా పడుకున్నందువల్ల లాభం కనిపించలేదు. వారాల తరబడి వేళకు పడుకున్నవాళ్లే మెరుగ్గా రాశారు. అయితే కోచింగ్ ఒత్తిడి, ఫోన్ ఒకదానికొకటి ప్రత్యామ్నాయ కారణాలు కావు. అవి ఒకదానికొకటి తోడు. ఇంటి నుంచి వెళ్లివచ్చే విద్యార్థికి పొద్దున్నుంచి రాత్రి దాకా తనదంటూ ఒక అరగంట ఉండదు. కాలేజీ, ట్యూషన్, బస్సు, హోంవర్క్. పది దాటాక దొరికే సమయమొక్కటే తన సొంతం. నిద్రపోతే ఆ కాస్తా పోతుంది. రేపు మళ్లీ ఇదే గానుగ. అందుకని నిద్రను వాయిదా వేస్తాడు. ఆ పిల్లవాడికి కావాల్సింది ఒక పావుగంట నవ్వు. యంత్రం రెండు గంటలు తీసుకుంటుంది. హాస్టల్ పిల్లలు దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇదే ఇంకా తీవ్రంగా జరుగుతుంది. నెలల తరబడి బిగబట్టిన ఆకలి వాళ్లది. వాళ్లను తిట్టేముందు ఆ ఆకలి ఎవరు పుట్టించారో పెద్దలు ఆలోచించాలి.

ఈ ప్రాంతంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. దాన్ని పట్టణాల్లో కూర్చుని ఈ విషయం మాట్లాడేవాళ్లు ఎవరూ గమనించడం లేదు. ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లలకు సొంత ఫోన్ ఉండదు. ఇంట్లోవాళ్ల ఫోన్ వాడతారు. అసర్ 2024 లెక్కల్లో కూడా స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన 14 ఏళ్లవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది 27 శాతానికే, 16 ఏళ్లవాళ్లలో సుమారు 38 శాతానికి. పగలంతా ఫోన్ తండ్రి జేబులోనో తల్లి చేతి సంచిలోనో చేనికి పోతుంది. అది పిల్లల చేతికి వచ్చేదే రాత్రి. ఖాతా తండ్రిది, నంబరు తండ్రిది, పుట్టిన తేదీ తండ్రిది. అలాంటి ఫోన్ తెరిచి చూస్తే నల్ల తామర పురుగుకు ఏ మందు కొట్టాలన్న వీడియో, దాని కింద యార్డులో తేజ రకం ధర, దాని కింద హీరోల అభిమానుల కొట్లాట, ఆ తర్వాత తుపాకుల గేమ్, మళ్లీ పత్తి విత్తనాల ప్రకటన కనిపిస్తాయి. యంత్రం దృష్టిలో అవతల ఉన్నది నలభై అయిదేళ్ల రైతు. రాత్రి పన్నెండుకు మేలుకుని ఉండటం అతని ఇష్టం. ఆ రైతు పేరు మీద పదిహేనేళ్ల పిల్లవాడు మేలుకుని ఉన్నాడని దానికి తెలియదు.

మిరప సీజన్ వచ్చిందంటే ఇది మరింత ముదురుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత కూలీలతో పాటు తల్లి చీకటితో లేచి చేలోకి వెళుతుంది. కోసిన కాయను కళ్లంలో పట్టల మీద రోజుల తరబడి ఆరబెడతారు. మంచు పడితే రంగు పోయి తాలు పెరుగుతుంది. వాన మబ్బు కనిపిస్తే పరుగున పట్ట కప్పాలి. దొంగల భయం సరేసరి. కాబట్టి రాత్రి ఎవరో ఒకరు కళ్లం దగ్గర పడుకోవాలి. తండ్రి వెళితే ఇంట్లో ముసలమ్మ, పిల్లలు మిగులుతారు. పెద్ద కొడుకును పంపితే మడత మంచం, టార్చిలైటు, ఫోన్ వెంట వెళతాయి. ఒకప్పుడు ఆ కాపలాకు రేడియో తోడుండేది, అది రాత్రి పదకొండుకో ఎప్పుడో మూగబోయేది. ఇప్పుడు మేలుకుని ఉండమన్న పనికి ఫోన్ బ్రహ్మాండంగా సాయపడుతుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే ఉంటాయి. ఇంటి కష్టంలో పాలుపంచుకునే ఆ పిల్లవాణ్ని సోమరి అని ఎవరంటారు? కాపలా అవసరం కొన్ని వారాల్లో తీరుతుంది. అలవాటైన వేళ మాత్రం తీరదు.

కంపెనీలు ఊరికే కూర్చోలేదు, జాగ్రత్తలు పెట్టాయి కదా అనవచ్చు. పెట్టాయి. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ అకౌంట్లు తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ విస్తరించింది. వాటిలో రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లు మోగవు. మంచిదే. కానీ నోటిఫికేషన్ ఆపడం వేరు, తెరిచాక వచ్చే వరద ఆపడం వేరు. తండ్రి ఖాతా వాడే పిల్లవాడికి ఆ కొంచెం రక్షణ కూడా అందదు. టిక్‌టాక్ అనుభవం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు అరవై నిమిషాల పరిమితి అని 2023లో ఆ సంస్థ ఘనంగా ప్రకటించింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం వేసిన దావాలోంచి 2024 అక్టోబరులో బయటపడ్డ అంతర్గత పత్రాల ప్రకారం, అలాంటి పరిమితిని పరీక్షించినప్పుడు పిల్లలు చూసే సమయం రోజుకు 108.5 నిమిషాల నుంచి 107 నిమిషాలకు తగ్గింది. అంటే నిమిషంన్నర. అదుపు లేని వాడకం నిద్రకు అడ్డుపడుతోందన్న సంగతి కూడా ఆ పత్రాల్లో రాసి ఉంది. పత్రాల్లోంచి తమకు వ్యతిరేకమైన ముక్కలే ఏరి చూపించారని సంస్థ వాదించింది. ముక్కలే కావచ్చు, నిమిషంన్నర మాత్రం వాళ్ల లెక్కే.

మరి ప్రభుత్వం ఏం చేయాలి? ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమలులో పెట్టింది. గుంటూరు జిల్లా మంగళగిరి నుంచి గెలిచిన మన విద్య, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నామని చెప్పారు. ఒక రాష్ట్రం ఈ ప్రశ్నను ఇంత గట్టిగా ఎత్తుకోవడం నాకు సంతోషం. కానీ వయసును బట్టి ఖాతా ఆపే చట్టం మన ఉమ్మడి ఫోన్‌ల దగ్గర చేతులెత్తేస్తుందని నా భయం. నలభై అయిదేళ్ల రైతు ఖాతాను ఏ చట్టం ఆపుతుంది? 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానిదీ అదే ఇబ్బంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల ప్రవర్తనను గమనిస్తూ వెంటాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ముఖ్యమైనవి పద్దెనిమిది నెలల తర్వాత అమలవుతాయి. అవతల ఉన్నది పిల్లవాడని తెలిస్తేనే ఆ రక్షణ.

అందుకని నా ఓటు వయసు కంటే వేళకు. న్యూయార్క్ రాష్ట్రం 2024లో చేసిన చట్టంలో ఈ ఆలోచన కొంత ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఇలాంటి ఫీడ్‌ల నోటిఫికేషన్లు పిల్లలకు పంపకూడదని అందులో ఉంది. మనం ఇంకో అడుగు వేయాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఏ ఖాతాలోనైనా, పెద్దవాళ్లదైనా సరే, వీడియో తనంతట తాను తర్వాతిదానికి పోకూడదు. వేలితో జరిపేకొద్దీ ఊరే ఫీడ్ ఆగాలి. కావాలన్నవాళ్లు నొక్కి తెచ్చుకోవాలి. వెతుక్కునేవి, మాట్లాడుకునేవి, మెసేజ్‌లు, ధరలు, వాతావరణం యథాతథంగా ఉంటాయి. పెద్దవాళ్ల స్వేచ్ఛకు ఇది అడ్డు అనేవాళ్లకు ఒకటే జవాబు. ఇక్కడ ఎవరి వినోదాన్నీ నిషేధించమనడం లేదు, ఒక్క నొక్కు అడుగుతున్నాం. ఆ నొక్కు పిల్లవాడు కూడా నొక్కగలడు కదా అంటే, నొక్కగలడు. చాలాసార్లు నొక్కుతాడు కూడా. అయినా ప్రతిసారీ ఒక క్షణం ఆగాల్సి వస్తుంది, 2006కు ముందు అందరూ ఆగినట్టు. అలసిన పిల్లవాడికి ఆ క్షణం చాలా విలువైనది. ఇంటర్నెట్ వ్యవహారం కేంద్రం చేతిలోది. అయినా తీర్మానం చేసి ఒత్తిడి తేవడానికి, కంపెనీలను పిలిచి అడగడానికి రాష్ట్రానికి అడ్డేమీ లేదు. అర్ధరాత్రి దాటాక ఏ జిల్లాలో ఎంతసేపు వీడియోలు నడుస్తున్నాయో ఆ కంపెనీల దగ్గర లెక్క ఉంటుంది. ముందుగా అడగాల్సింది ఆ లెక్కే.

చట్టం వచ్చేదాకా ఇంట్లో ఎవరి బాధ్యత వాళ్లకు ఉంది, అది తల్లిదండ్రుల పనే అనేవాళ్ల మాట కాదనను. కాకపోతే చీకటితో లేచి చేలోకి వెళ్లే తల్లిని అర్ధరాత్రి దాకా కాపలా కాయమనడం కుదరదు. ఆమెకు సాధ్యమయ్యే పని ఒక్కటే చెప్పాలి. రాత్రి ఫోన్ పిల్లల మంచం దగ్గర ఉండకూడదు. చార్జింగ్ వసారాలోనో వంటింట్లోనో పెట్టాలి, నాన్న ఫోన్‌తో సహా. అలారం కోసం ఫోన్ కావాలని పిల్లలు అంటారు, ఒక మామూలు అలారం గడియారం కొనిపెట్టండి. కళ్లం కాపలాకు వెళ్లే పిల్లవాడికి పాత బటన్ ఫోన్ ఇచ్చి పంపండి, పరీక్షల నెలలో వీలైనంతవరకు ఆ పని తప్పించండి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌కు వచ్చారు. ఇలాంటి సమావేశాల్లో మార్కులు, హాజరుతో పాటు నిద్ర గురించి కూడా టీచర్లు అడగాలి. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావని పిల్లవాణ్ని అడిగితే, మొదటి పీరియడ్‌లో ఎందుకు తూగుతున్నాడో అక్కడే తెలిసిపోతుంది. ఫోన్ తీసుకుంటే అన్నం మానేయడం, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం కనిపిస్తే తిట్లతో తేలదు, వైద్యుల సాయం కావాలి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.